ఎంత కాదు, ఎలా: దాయాదుల ఫ్రెండ్లీ మ్యాచ్



గెలిస్తే పాయింట్లు రావు. ఓడితే పోవు. లీగ్ పట్టికలో ఆ మ్యాచ్ ఊసే ఉండదు. అయినా అది ఓడిపోతే రాత్రి అన్నం సయించని వాళ్లుంటారు. మర్నాడు ఆఫీసులో ఒకరిద్దరి కంట పడకుండా తప్పించుకు తిరిగేవాళ్లుంటారు. నేను ఆ బాపతు మనిషినే.

ఇవాళ ఈ కాసేపూ ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకుందాం. మొత్తం ఆట గురించి కాదు. సీజన్ మొదలయ్యే ముందు జట్లు ఆడుకునే ఫ్రెండ్లీ మ్యాచ్‌ల గురించి. అందులోనూ ఒక్క రకం గురించే. పక్కపేట జట్టుతో, అంటే దాయాదితో ఆడే ఫ్రెండ్లీ గురించి. దాన్ని ఎలా చూడాలి? చూసి ఏం తెలుసుకోవాలి? దేన్ని పట్టించుకోకూడదు?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎంత అని అడగొద్దు. ఎలా అని అడగండి. ఎన్ని గోల్స్ పడ్డాయన్నది పక్కన పెట్టండి. పడిన గోల్ ఎలా పడిందో చూడండి. అంతే. చెప్పడం తేలిక. ఎదురుగా దాయాది నిలబడి ఉన్నప్పుడు పాటించడమే కష్టం.

నా జట్టు ఆర్సెనల్. లండన్ జట్టు. తెలుగువాడివి, నీకు లండన్ జట్టేమిటయ్యా అని అడిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. టీవీ కలిపిన చుట్టరికం అది. అయినా హైదరాబాదుకి ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు కదా. సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఇక్కడివారే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దారు. తర్వాత భారత జట్టుకి కోచ్ అయ్యారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం వచ్చింది ఆయన చేతుల మీదే. అలాంటి ఊళ్లో ఉంటూ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందంటే తప్పు నాది కాదు. సరే, లండన్‌కి పోదాం.

లండన్ ఉత్తరాన రెండు పెద్ద క్లబ్బులున్నాయి. ఒకటి ఆర్సెనల్. రెండోది టాటెన్‌హామ్ హాట్‌స్పర్. ముద్దుగా స్పర్స్ అంటారు. రెండు స్టేడియాల మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి చార్మినార్ అంతకంటే దూరం. ఒకే వీధిలో ఒకరింట్లో ఎర్ర జెండా, ఎదురింట్లో తెల్ల జెండా. ఎరుపు మాది. తెలుపు వాళ్లది. ఈ రెండు జట్లూ తలపడితే దాన్ని నార్త్ లండన్ డెర్బీ అంటారు.

ఈ పగకి ఒక కథ ఉంది. నిజానికి ఆర్సెనల్ ఉత్తర లండన్‌లో పుట్టలేదు. 1886లో థేమ్స్ నదికి దక్షిణాన, వూలిచ్‌లోని ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టుకున్న జట్టు అది. స్పర్స్ అంతకు నాలుగేళ్ల ముందే, 1882లో మొదలైంది. కొందరు బడిపిల్లలు పెట్టుకున్న క్లబ్బు. ఇద్దరూ మొట్టమొదటిసారి తలపడింది 1887 నవంబరు 19న. అది ఏ మ్యాచో తెలుసా? ఫ్రెండ్లీ! మా వాళ్లు ఆలస్యంగా చేరుకున్నారట. ఆట ఇంకో 15 నిమిషాలు ఉందనగా చీకటి పడిపోయింది. అక్కడితో ఆపేశారు. అప్పటికి స్పర్స్ 2–1తో ముందుంది. అంటే మా దాయాదుల వరసకి మొదలే ఒక పూర్తికాని ఫ్రెండ్లీ అన్నమాట.

1913లో ఆర్సెనల్ నది దాటి ఉత్తరానికి వచ్చింది. హైబరీలో స్టేడియం కట్టుకుంది. స్పర్స్ పెరట్లోకి వచ్చి పాక వేసుకున్నట్టయింది. అది చాలదన్నట్టు 1919లో ఇంకోటి జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక లీగ్ మళ్లీ మొదలైంది. మొదటి డివిజన్‌ని 20 జట్ల నుంచి 22కి పెంచారు. యుద్ధానికి ముందు సీజన్‌లో స్పర్స్ ఆ డివిజన్‌లో ఆఖరి స్థానంలో ఉంది. జట్లు పెరిగాయి కాబట్టి తమని ఉంచేస్తారనుకున్నారు. ఓటింగ్ పెట్టారు. రెండో డివిజన్‌లో మొదటి మూడు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్‌కి 18 ఓట్లు పడ్డాయి. స్పర్స్‌కి 8. మేం పైకి ఎక్కాం. వాళ్లు కిందకి దిగారు. ఆ తర్వాత ఆర్సెనల్ ఇప్పటిదాకా పై డివిజన్ నుంచి దిగనే లేదు. ఈ 1919 సంగతి ఎత్తితే నేను నెమ్మదిగా మాట మార్చేస్తాను. స్పర్స్ వాళ్లు మాత్రం నూరేళ్లు దాటినా మర్చిపోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. రెండో ప్రపంచయుద్ధంలో హైబరీ స్టేడియాన్ని పౌర రక్షణ పనులకి తీసుకున్నారు. అప్పుడు ఆర్సెనల్‌కి ఆడుకోవడానికి చోటిచ్చింది ఎవరు? స్పర్సే. వాళ్ల వైట్ హార్ట్ లేన్ మైదానంలోనే మేం ఆడాం. పగ పగే, అవసరం అవసరమే. దాయాదులంటే అంతే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రీ-సీజన్ అంటే ఏమిటి?

ఇంగ్లండ్‌లో లీగ్ ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. జూన్‌లో ఆటగాళ్లకి సెలవులు. జులైలో తిరిగొస్తారు. ఒళ్లు బిగిసిపోయి ఉంటుంది. ఊపిరి అందదు. పొద్దునా సాయంత్రం పరుగులు పెట్టిస్తారు. మధ్యమధ్యలో ఫ్రెండ్లీలు ఆడిస్తారు. మొదటి మ్యాచ్‌లో ఒక్కొక్కరికి అరగంటో, ముప్పావు గంటో. తర్వాత గంట. తర్వాత పూర్తి 90 నిమిషాలు. అసలు లీగ్‌లో అయితే ఒక జట్టు అయిదుగురిని మాత్రమే మార్చవచ్చు. ఫ్రెండ్లీలో ఆ కట్టుబాటు ఉండదు. రెండు జట్లూ ముందే మాట్లాడుకుని ఎంతమందినైనా మార్చుకుంటాయి. గంట ఆట అయ్యేసరికి మైదానంలో ఉన్నవాళ్లలో సగం మంది కొత్తవాళ్లే. చొక్కాలు అవే, మనుషులు వేరు.

మన పల్లెల్లో పద్యనాటకం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. శ్రీరామనవమి పందిట్లో కురుక్షేత్రం వెయ్యాలి. పది రోజుల ముందు నుంచీ రాత్రిపూట బడి వరండాలో రిహార్సల్స్. హార్మోనియం ఆయన శ్రుతి వేస్తాడు. కృష్ణుడి వేషం వేసే ఆయన గొంతు ఎత్తడు. పద్యం సగం గొంతుతో అనేసి ఊరుకుంటాడు. రాగం జోలికి పోడు. ఎందుకు? గొంతు నవమి రాత్రికి కావాలి. ఆ వరండాలో చప్పట్లు పడ్డాయా లేదా అని ఎవరూ లెక్కపెట్టరు. కానీ నేర్పించే మాస్టారు ఒక్కటి మాత్రం చెవి నిక్కబొడుచుకుని వింటుంటాడు. ఎక్కడ తడబడ్డాడు? ఏ పద్యంలో మాట మర్చిపోయాడు? అర్జునుడు ఎంట్రీ ఆలస్యం చేశాడా? ఎందుకంటే వరండాలో తడబడ్డ చోటే పందిట్లోనూ తడబడతాడని మాస్టారికి తెలుసు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఒక రాత్రి పక్క ఊరి నాటక సమాజం వాళ్లు వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నారనుకోండి. వాళ్లలో కూడా ఒక కృష్ణుడున్నాడు. మన కృష్ణుడు ఊరుకుంటాడా? సగం గొంతుతో సరిపెడతాడా? రాగం ఎత్తుకుంటాడు. వదలడు. మాస్టారు చేత్తో సైగ చేస్తున్నా చూడడు. పొద్దున్నకి గొంతు బొంగురు. ఇదీ దాయాదితో ప్రీ-సీజన్ మ్యాచ్ అంటే. రిహార్సలే. కానీ రిహార్సల్‌లా ఆడనివ్వదు.

అందుకే చెబుతున్నాను. చప్పట్లు లెక్కపెట్టకండి. తడబాటు ఎక్కడుందో చూడండి. ఎంత అని కాదు, ఎలా అని.

ఇప్పుడు రెండు నిజమైన మ్యాచ్‌లు చెబుతాను. రెండూ ఆర్సెనల్, స్పర్స్ ఆడినవే. రెండింటిలోనూ మేమే ఓడాం. రెండూ ఒకే స్కోరు, 1–0.

మొదటిది 2021 ఆగస్టు 8న. స్పర్స్ కొత్త స్టేడియంలో. ఆర్సెనల్, చెల్సీ, స్పర్స్ మూడూ లండన్ క్లబ్బులే. ఆ ఏడాది మూడూ కలిసి మైండ్ అనే సేవాసంస్థకి సాయంగా తమలో తాము ఫ్రెండ్లీలు ఆడాయి. మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే సంస్థ అది. మంచి పనే. ఆ మ్యాచ్‌లో కొరియా ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్ గోల్ కొట్టాడు. స్పర్స్ 1, ఆర్సెనల్ 0.

మా మేనల్లుడు ఒకడున్నాడు. స్పర్స్ అభిమాని. సన్ కోసమే ఆ జట్టు పట్టుకున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. "మామయ్యా, చూశావా? ఈ ఏడాది మీ పని అయిపోయింది" అన్నాడు. "ఫ్రెండ్లీరా అది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు" అన్నాను. "ఓడినవాళ్లే ఆ మాటంటారు" అన్నాడు. నిజమే కదా! గెలిచి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణా?

తర్వాత ఏమైందో వినండి. లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో ఆర్సెనల్ బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 2–0తో ఓడింది. బ్రెంట్‌ఫర్డ్ అప్పుడే పై డివిజన్‌కి వచ్చిన జట్టు. రెండోది చెల్సీ చేతిలో 2–0. మూడోది మాంచెస్టర్ సిటీ చేతిలో 5–0. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా లేదు. పట్టికలో అట్టడుగున ఉన్నాం. స్పర్స్ ఏమో మూడు మ్యాచ్‌లూ గెలిచి పట్టిక పైన కూర్చుంది. మేనల్లుడి ఫోన్లు ఎక్కువయ్యాయి. ఆ ఫ్రెండ్లీ ముందే చెప్పిందంటాడు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

సెప్టెంబరు 26 వచ్చింది. అసలు డెర్బీ. మా స్టేడియంలో. స్మిత్ రో, ఆబమెయాంగ్, సాకా తలా ఒక గోల్ కొట్టారు. అరగంట దాటి కాసేపటికే 3–0. చివరికి 3–1తో గెలిచాం. నవంబరు మొదటి తేదీకి స్పర్స్ తన కోచ్ నూనోని తీసేసింది. ఆగస్టు నెలకి ఉత్తమ కోచ్‌గా బహుమతి అందుకున్న మనిషి ఆయన! ఇప్పుడు ఫోన్ చేసే వంతు నాది.

కథ అక్కడితో ఆగిందా? లేదు. 2022 మే నెలలో వాళ్ల స్టేడియంలో స్పర్స్ మమ్మల్ని 3–0తో ఓడించింది. సీజన్ చివరికి వాళ్లకి 71 పాయింట్లు, మాకు 69. వాళ్లు నాలుగో స్థానం, మేం అయిదు. ఛాంపియన్స్ లీగ్‌లో చోటు వాళ్లకి దక్కింది. మళ్లీ ఫోన్ చేసే వంతు మేనల్లుడిది.

ఇప్పుడు చెప్పండి. ఆ ఆగస్టు ఫ్రెండ్లీ స్కోరు ఇందులో దేన్ని చెప్పింది? మొదటి మూడు వారాలు చెప్పినట్టే అనిపించింది. సెప్టెంబరులో అబద్ధమైంది. మే నెలలో మళ్లీ నిజమైనట్టు కనిపించింది. ఏ జాతకమైనా అంతే. ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. కలిసినప్పుడే గుర్తుపెట్టుకుంటాం.

రెండో మ్యాచ్‌కి వద్దాం. ఇది నా మాటకి అసలు సాక్ష్యం. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

2025 జులై 31. ఈసారి లండన్‌లో కాదు. హాంకాంగ్‌లో. ఆ ఏడాదే తెరిచిన కై టాక్ స్టేడియం. 50 వేల మంది పట్టే స్టేడియం. నార్త్ లండన్ డెర్బీ బ్రిటన్ బయట జరగడం అదే మొదటిసారి. మన టైములో సాయంత్రం అయిదు గంటలకి మొదలైంది. లీగ్ మ్యాచ్‌లకి అర్ధరాత్రి దాకా మేలుకునే మాలాంటి వాళ్లకి అది పండగే. మిర్చిబజ్జీలు పెట్టుకుని కూర్చున్నాం.

స్పర్స్‌కి కొత్త కోచ్ వచ్చాడు. థామస్ ఫ్రాంక్. అంతకుముందు సీజన్‌లో స్పర్స్ లీగ్‌లో 17వ స్థానంలో నిలిచింది. కానీ యూరోపా లీగ్ గెలిచింది. చూడండి ఎంత వింతో. ఆర్సెనల్ లీగ్‌లో రెండో స్థానం. కప్పు ఏదీ లేదు. అంటే ఇద్దరికీ ఏదో ఒకటి నిరూపించుకోవాలన్న కసి ఉంది.

సరిగ్గా విరామానికి ముందు గోల్ పడింది. ఆర్సెనల్ కుర్రాడు లూయిస్-స్కెల్లీ దగ్గర బంతి పోయింది. మా గోల్‌కీపర్ డేవిడ్ రాయా గోల్ వదిలి బాగా ముందుకి వచ్చి నిలబడి ఉన్నాడు. స్పర్స్ ఆటగాడు పాపె సార్ తలెత్తి చూశాడు. దాదాపు మైదానం సగం దగ్గర నుంచి ఒక్క తన్ను. బంతి రాయా తల మీదుగా వెళ్లి గోల్‌లో పడింది. అంతే. మ్యాచ్ అంతటికీ ఆ ఒక్క గోలే. స్పర్స్ 1, ఆర్సెనల్ 0.

ఫోన్ మోగింది. ఎవరో మీకు తెలుసు.

ఇక్కడ అభిమానికి రెండు దారులుంటాయి. ఒకటి, దులిపేసుకోవడం. "ఫ్రెండ్లీ కదా, మనవాళ్లు అలిసిపోయారు, అంతకుముందు సింగపూర్‌లో రెండు మ్యాచ్‌లు ఆడి వచ్చారు, కొత్త స్ట్రైకర్ యోకెరెస్ చివర్లో కాసేపే ఆడాడు" అని. ఇవన్నీ నిజాలే. రెండో దారి, గుండెలు బాదుకోవడం. "స్పర్స్ చేతిలో ఓడిపోయాం, ఇక సీజన్ పోయినట్టే" అని. రెండు దారుల్లోనూ మనం చూస్తున్నది స్కోరునే. ఎంత అనే ప్రశ్ననే.

ఎలా అని అడిగితే ఏం కనిపిస్తుంది? ఆర్సెనల్ జట్టంతా ముందుకి జరిగి ఆడుతుంది. కీపర్ కూడా ముందుకి వస్తాడు. అది వాళ్ల పద్ధతి. మధ్యలో ఎవరి దగ్గరైనా బంతి పోతే వెనకంతా ఖాళీ. ఎదుటివాడికి ధైర్యం, కాలి పదును ఉంటే నలభై, యాభై గజాల దూరం నుంచే కొట్టేయగలడు. ఇదీ ఆ మ్యాచ్ చెప్పిన సంగతి. రిహార్సల్‌లో తడబడిన పద్యం ఇదే.

అదే ఏడాది నవంబరు 23న అసలు డెర్బీ వచ్చింది. లీగ్ మ్యాచ్. ఆర్సెనల్ స్టేడియంలో. మన టైములో రాత్రి పదింటికి. ఆర్సెనల్ 4, స్పర్స్ 1. ఎబెరెచి ఎజే మూడు గోల్స్ కొట్టాడు. నార్త్ లండన్ డెర్బీలో ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొట్టడం 1978లో ఆర్సెనల్ ఆటగాడు అలన్ సండర్లాండ్ తర్వాత అదే. ఇంకో తమాషా ఏమిటంటే, జులై 31న ఈ ఎజే ఆర్సెనల్ ఆటగాడు కాడు. క్రిస్టల్ ప్యాలెస్‌లో ఉన్నాడు. ఆగస్టులో స్పర్స్ అతన్ని కొనబోయింది. మాటలు దాదాపు పూర్తయ్యాయి. ఆఖరి నిమిషంలో ఆర్సెనల్ తన్నుకుపోయింది. హాంకాంగ్ స్కోరు పట్టుకుని జోస్యం చెప్పినవాడికి ఎజే అనే మనిషి లెక్కలోనే లేడు. అసలు మ్యాచ్‌ని మలుపు తిప్పినవాడు ఫ్రెండ్లీలో ఏ వైపూ లేడు.

కాబట్టి స్కోరు అబద్ధం చెప్పింది. 1–0 ఓటమి కాస్తా 4–1 గెలుపు అయింది.

కానీ ఆగండి. ఆ నవంబరు మ్యాచ్‌లో స్పర్స్‌కి ఒక్క గోల్ వచ్చిందన్నాను కదా. అది ఎలా వచ్చింది? మధ్యలో ఆర్సెనల్ ఆటగాడు సుబిమెండి దగ్గర స్పర్స్ ఆటగాడు పల్హీన్యా బంతి లాగేశాడు. అది రిచర్లిసన్‌కి అందింది. రాయా మళ్లీ ముందుకొచ్చి ఉన్నాడు. రిచర్లిసన్ దూరం నుంచే ఎత్తి కొట్టాడు. రాయా తల మీదుగా బంతి గోల్‌లో పడింది. నాలుగు నెలల కిందట హాంకాంగ్‌లో పడిన గోల్ లాంటిదే! బంతి పోయిన తీరు అదే. కీపర్ నిలబడిన చోటు అదే. దూరపు తన్ను అదే. ఆర్సెనల్ అభిమానిగా నాలుగు గోల్స్ సంబరంలో ఉన్నాను. అయినా ఆ గోల్ పడగానే జులై గుర్తొచ్చింది.

వరండాలో తడబడ్డ చోటే పందిట్లోనూ తడబడ్డారు. మ్యాచ్ గెలిచాం, అది వేరే సంగతి. ఫ్రెండ్లీలో ఎంత అన్నది నిలవలేదు. ఎలా అన్నది నిలిచింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మరి ఆచరణలో ఏం చెయ్యాలి? ఒక కాగితం, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఎవరు ఏ నిమిషంలో దిగారో, ఎవరు బయటికి వెళ్లారో రాసుకోండి. ఒకేసారి అయిదారుగురిని మార్చేసిన నిమిషం కింద ఒక గీత గీయండి. ఆ గీతకి ముందు జరిగింది ఒక ఆట. తర్వాత జరిగింది ఇంకో ఆట. రెండింటినీ కలిపి ఒకే స్కోరుగా చూస్తే మోసపోతాం. గోల్ పడినప్పుడు కేకలు వెయ్యండి, తప్పులేదు. కానీ రీప్లేలో గోల్ కొట్టినవాణ్ణి చూడకండి. అంతకు రెండు పాస్‌ల ముందు బంతి ఎక్కడ పోయిందో చూడండి. టీవీ వాళ్లు ఆ ముక్క సరిగ్గా చూపించరు, అదొక తంటా.

కుర్రాళ్లని కూడా చూడండి. హాంకాంగ్ వెళ్లిన యాత్రలోనే ఆర్సెనల్ సింగపూర్‌లో న్యూకాజిల్‌తో ఆడింది. 3–2తో గెలిచింది. ఆ స్కోరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? మ్యాక్స్ డౌమన్ అనే 15 ఏళ్ల పిల్లవాడు మాత్రం అందరికీ గుర్తున్నాడు. ఆ రోజు దిగి పెద్దవాళ్లని గిరగిరా తిప్పాడు. పెనాల్టీ సంపాదించాడు. నెల తిరక్కుండా లీగ్‌లో ఆడాడు. నవంబరులో ఛాంపియన్స్ లీగ్ చరిత్రలోనే అందరికంటే చిన్న ఆటగాడయ్యాడు. ఇలాంటి పిల్లల కోసమైనా ఫ్రెండ్లీ చూడాలి.

ఆ సింగపూర్‌లోనే ఇంకో వినోదం జరిగింది. మిలాన్ జట్టుని ఆర్సెనల్ 1–0తో ఓడించింది. అయినా ఆట అయ్యాక ఇద్దరూ పెనాల్టీలు కొట్టారు. ముందే అనుకున్న ఏర్పాటట. పెనాల్టీల్లో మిలాన్ గెలిచింది. మ్యాచ్ మాది, పెనాల్టీలు వాళ్లవి. ఆ రాత్రి ఎవరు గెలిచారని అడిగితే ఇద్దరూ చెయ్యెత్తుతారు. ఫ్రెండ్లీ స్కోరుకి ఉన్న విలువ ఇదీ.

అయితే ఒకటి మాత్రం ఉత్తుత్తిది కాదు. దెబ్బ. ఆటగాడికి తగిలే దెబ్బ ఫ్రెండ్లీలోనైనా నిజమైన దెబ్బే. 2021లో మైండ్ కోసం చెల్సీతో ఆడిన ఫ్రెండ్లీలో ఆర్సెనల్ మిడ్‌ఫీల్డర్ థామస్ పార్టే చీలమండకి దెబ్బ తగిలింది. లీగ్ మొదటి వారాలు అతను లేడు. అప్పుడు మేం ఎలా ఆడామో ఇందాకే చెప్పాను. 2025లో హాంకాంగ్ నుంచి స్పర్స్ సియోల్ వెళ్లింది. అది సన్‌కి వీడ్కోలు మ్యాచ్. ఆ మ్యాచ్‌లోనే వాళ్ల ఆటగాడు జేమ్స్ మాడిసన్ మోకాలి లిగమెంట్ తెగింది. నెలల తరబడి ఆటకి దూరమయ్యాడు. దాయాది జట్టే అయినా, ఒక ఆటగాడు అలా దెబ్బతిని బయటికి వెళుతుంటే చూడలేం. మేనల్లుడికి ఆ రోజు నేను ఫోన్ చెయ్యలేదు.

ఇదంతా విన్నాక మీరు అడగవచ్చు. మరి దాయాదితో ఫ్రెండ్లీ ఆడాలా వద్దా? కోచ్‌లకి ఇష్టమే. ఎందుకంటే దాయాది ఎదురుంటే ఆటగాళ్లు ఒళ్లు దాచుకోరు. వేరే జట్టుతో ఆడితే సగం పరుగు, వీళ్లతో అయితే పూర్తి పరుగు. క్లబ్బులకి ఇంకా ఇష్టం. టికెట్లు అమ్ముడుపోతాయి. అందుకే 2017లో మాంచెస్టర్ డెర్బీని అమెరికాలోని హ్యూస్టన్ పట్టుకెళ్లారు. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మయామీలో ఆడాయి, లాస్ వేగస్‌లో ఆడాయి, డాలస్ దగ్గర ఆడాయి. ఇక అభిమానికి ఏం మిగులుతుంది? గెలిస్తే లెక్కలోకి రాదు. ఓడితే మాత్రం చెవిలో మోగుతూనే ఉంటుంది. నన్నడిగితే ఇది నష్టపు బేరం.

హాంకాంగ్ అభిమానులకి మ్యాచ్ దక్కకూడదని నా ఉద్దేశం కాదు. వాళ్లు కూడా నాలాగే టీవీ చుట్టాలు. కళ్లారా చూసే అవకాశం వస్తే నేనూ వదలను. కానీ వాళ్లకి చూపించడానికి ఆర్సెనల్‌కి మిలాన్ ఉంది, న్యూకాజిల్ ఉంది. స్పర్సే కానక్కర్లేదు. ఆరేడు కిలోమీటర్ల తగవుని తొమ్మిదివేల కిలోమీటర్లకి పైగా మోసుకెళ్లి రిహార్సల్ పేరుతో అమ్మడం నాకు నచ్చలేదు. ఆడితే 2021లోలాగా వాళ్ల ఊళ్లోనే, ఒక మంచి పని కోసం ఆడాలి. లేదంటే సెప్టెంబరో నవంబరో వచ్చేదాకా ఆగాలి.

ఈలోగా వచ్చే జులైలో మీ జట్టు ఏ ఫ్రెండ్లీ ఆడినా కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. స్కోరు రాయకండి. బంతి ఎక్కడ పోయిందో రాయండి. ఆ కాగితం పారెయ్యకుండా అసలు డెర్బీ రోజుదాకా దాచండి.